కయ్యం నుండి వియ్యం దాకా

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయిలో ఉక్కు కర్మాగారం వెలసింది. 1959లో అక్కడ తొలి బ్లాస్ట్ ఫర్నేసు రగిలింది. పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుండి జనం ఆ ఊరు చేరారు. వారిలో తెలుగువారు అనేకులు. అయితే ఆ ప్రాంతంతో తెలుగువారికి అంతకంటె పాతబంధం మరొకటి ఉన్నది. భిలాయికి దక్షిణాన బస్తరు అడవులున్నాయి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఆ అడవులకు తరలిపోయి రాజ్యం స్థాపించాడని బస్తరు రాజవంశ సంప్రదాయం. 1948లో సంస్థానం విలీనమయ్యేవరకు ఆ రాజులు తమను కాకతీయులుగానే చెప్పుకున్నారు.

కోట కూలి ఆరు శతాబ్దాలు గడచినా ఆ పేరుకు అంతటి గౌరవం నిలిచి ఉండడానికి కారణం వెతికితే, 1199 నుండి 1262 వరకు ఓరుగల్లును ఏలిన గణపతిదేవుని వద్దకు రావలసి ఉంటుంది.

ఆయన రాజ్యారంభమే పరాజయం. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులపై దండెత్తి యుద్ధంలో మరణించాడు. యువకుడైన గణపతి శత్రువుల చేత చిక్కాడు. ఇంటివద్ద సామంతులు తలలెత్తగా, సేనాని రేచర్ల రుద్రుడు రాజ్యాన్ని కాపాడాడు. 1213లో పాలంపేటలో రామప్ప దేవాలయాన్ని నిర్మింపజేసినవాడు ఈ రుద్రుడే. కొంతకాలానికి యాదవరాజు జైతుగి తన బందీని విడిచిపెట్టి, సింహాసనం ఎక్కనిచ్చాడు. శత్రువును చంపడం కంటె విడిచిపెట్టడంలోనే లాభం ఉండవచ్చునన్న పాఠాన్ని గణపతిదేవుడు ఏ గ్రంథంలోనూ చదవవలసిన అవసరం లేకపోయింది.

ఆనాటి తెలుగుదేశం ఒక దేశం కాదు. తీరంలో వెలనాటివారు, ధరణికోటలో కోటవారు, కృష్ణ ముఖద్వారాన దివిసీమలో అయ్యవంశీయులు, నిడదవోలులో చాళుక్యులు, నెల్లూరులో తెలుగు చోడులు ఎవరికి వారే రాజులు. ఒకరి పొలిమేరలోకి మరొకరు చొరబడడం, పశువులను తోలుకుపోవడం, ఊళ్లు కాల్చడం నిత్యకృత్యం. పల్నాటి వీరుల కథను పుట్టించిన కాలమది.

గణపతిదేవుడు మొదట కత్తినే నమ్మాడు. దివిసీమను ముట్టడించి గెలిచాడు. వెలనాటి పృథ్వీశ్వరుని అంతం చేశాడు. ఆయనలోని విశేషం యుద్ధం ముగిసిన మరునాడు మొదలవుతుంది. ఓడిన దివిసీమ ప్రభువు పినచోడుని కుమార్తెలు నారాంబను, పేరాంబను తాను వివాహమాడాడు. వారి తమ్ముడు జాయపను తన వద్ద పెంచి, విద్యలు చెప్పించి, గజసైన్యానికి అధిపతిని చేశాడు. ఓడిన ఇంటి పిల్లవాని చేతికి ఏనుగుల దళాన్ని అప్పగించడానికి రాజుకు ఎంత గుండెనిబ్బరం కావాలో ఆలోచించదగినది. ఆ నమ్మకం వమ్ము కాలేదు. జాయసేనాని 1253-54 ప్రాంతంలో ‘నృత్తరత్నావళి’ రచించాడు. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో సగం శాస్త్రీయ మార్గానికీ, సగం జనపదాల్లో ఆడే దేశినృత్యాలకూ కేటాయించాడు. మనం ఈనాడు దివిసీమ యుద్ధాన్ని జ్ఞాపకం పెట్టుకోలేదు. ఆ గ్రంథాన్ని జ్ఞాపకం పెట్టుకున్నాము.

వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ కావాలంటారు. కయ్యంలో తనకు లొంగినవారిని గణపతిదేవుడు వియ్యంలో సమానులుగా నిలబెట్టాడు. సోదరి మైలాంబను నతవాడి రుద్రునికిచ్చాడు. కుమార్తె గణపాంబను కోట బేతరాజుకిచ్చాడు. మరొక కుమార్తె రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రునికిచ్చాడు. నెల్లూరు మనుమసిద్ధి రాజ్యం పోగొట్టుకున్నప్పుడు కవి తిక్కన ఓరుగల్లుకు రాయబారిగా వచ్చాడనీ, గణపతిదేవుడు సేనను పంపి మనుమసిద్ధిని తిరిగి నిలబెట్టాడనీ సాహిత్య సంప్రదాయం చెబుతున్నది.

ఈ సంధిభారాన్ని మోసినవారు స్త్రీలు. రాజులు రాయించిన శాసనాల్లో వారి ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు. అయినా వారు కేవలం సంధిపత్రాలుగా మిగిలిపోలేదు. మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించింది. గణపాంబ భర్త మరణానంతరం ధరణికోట రాజ్యాన్ని తానే పాలించింది. రుద్రమ, రుద్రదేవుడన్న పురుషనామంతో, తండ్రి సింహాసనాన్నే అధిష్ఠించింది.

గణపతిదేవుడు అశోకునివలె యుద్ధాన్ని పూర్తిగా త్యజించిన మహనీయుడు కాడు. నడివయసు దాటిన తరువాత కూడా ఆయన సేనలు కంచి వరకు నడిచాయి. కాని ఆయన శాంతిబుద్ధి ఏ మేరకు విస్తరించిందో 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం చాటుతుంది. తుపాను తాకిడికి దారితప్పి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకునంతా అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారు. సముద్రం మీద సగం చచ్చి బయటపడినవాని శేషధనం రాజు పాలయ్యేది. తాము అట్లా చేయబోమనీ, ధనం ప్రాణం కంటె విలువైనది గనుక, ప్రాణాలకు తెగించి వచ్చిన వర్తకుల మీద దయతో నిర్ణీత సుంకం మాత్రమే పుచ్చుకుంటామనీ గణపతిదేవుడు రాతిమీద మాట ఇచ్చాడు. ఎగుమతి, దిగుమతులపై సుంకం ముప్పైలో ఒక వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పగడాలు, పట్టు, మిరియాలు మొదలైనవాటికి పన్నులు విడివిడిగా చెక్కించాడు. సుమారు అర్ధశతాబ్దికి మార్కో పోలో వర్ణించిన ముత్ఫిలి ఈ రేవే.

వ్యక్తిని ఆశ్రయించిన ఐక్యత ఆ వ్యక్తి తరువాత పరీక్షకు గురికాక తప్పదు. గణపతిదేవుని చివరి దినాలలో ముత్తుకూరు వద్ద పాండ్యులు కాకతీయ సేనలను ఓడించారు. ఆయన ఆదరించిన కాయస్థ గంగయసాహిణి చివరివరకు విశ్వాసంగా ఉన్నాడు. గంగయ మేనల్లుడు అంబదేవుడు రుద్రమపై తిరగబడ్డాడు. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని సూచిస్తున్నది. తండ్రి కూర్చిన బంధుత్వాలను కుమార్తె మళ్లీ కత్తితో కాపాడుకోవలసి వచ్చింది. సంధి ఒకసారి కుదిర్చి వదిలివేసేది కాదనీ, ప్రతి తరం దానిని మళ్లీ కుదుర్చుకోవాలనీ ఆ కథ చెబుతున్నది.

1323లో ఓరుగల్లు పడిపోయింది. తెలుగుదేశం తిరిగి ముక్కలైంది. 1358లో కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి మోటుపల్లి వర్తకులకు అభయమిస్తూ మరొక శాసనం వేయించాడు. రాజ్యం చేతులు మారినా రేవుకు గణపతిదేవుడు ఇచ్చిన మాటను కొత్తరాజు కాదనలేకపోయాడు.