“లోపల ఏం చెప్పావు?” అని అడగకండి



కిందటేడు ఒక పీటీఎం రోజు జరిగిన విషయంతో మొదలుపెడతాను. మార్కుల షీటు మీద సంతకం పెట్టాక ఒక అమ్మగారు, వెనక లైన్లో ఉన్నవాళ్లకు వినపడకుండా నన్ను మెల్లగా అడిగారు. “మేడమ్, మా బాబుని కౌన్సిలర్ దగ్గరికి పంపిస్తున్నారట. వాడికేమైనా తేడా ఉందా? ఇది టీసీలో రాస్తారా?”

రాయరని చెప్పాను. ఆవిడ ఊపిరి పీల్చుకున్నారు. ఆ రాత్రి నాకు మాత్రం సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ భయం ఆవిడకు ఎక్కడినుంచి వచ్చింది? కొంత మా దగ్గరనుంచే వచ్చింది. “ఇంకోసారి అల్లరి చేస్తే కౌన్సిలర్ దగ్గరికి పంపిస్తా” అని క్లాసులో నేనే ఎన్నోసార్లు బెదిరించాను. పిల్లలు ఆ మాటను ఇంటికి మోసుకెళ్లారు. తప్పు నాది కూడా. అందుకే ఈ నెల ఈ పేజీలో రాయడానికి నేనే ముందుకొచ్చాను.

ఆ బాబు, వాళ్ల అమ్మగారు ఒప్పుకున్నారు కాబట్టి కొన్ని వివరాలు మార్చి అతని సంగతి చెబుతాను. ఊళ్లో తెలుగు మీడియంలో చదివి ఎనిమిదో తరగతిలో మన స్కూల్లో చేరాడు. లెక్కల్లో ఫస్టు. నా ఇంగ్లిష్ పీరియడ్ వస్తే మాత్రం కడుపునొప్పి. రీడింగ్ కోసం పేరు పిలవగానే సిక్ రూముకి వెళ్లిపోయేవాడు. నేను డైరీలో రెండుసార్లు “కేర్‌లెస్” అని రాసి పంపాను. మూడోసారి చిరాకుతో కౌన్సిలర్ దగ్గరికి పంపాను. రెండు రోజుల్లో సరిచేసి పంపిస్తారనుకున్నాను, ఫ్యాన్ రిపేరుకి ఇచ్చినట్టు.

వారం తర్వాత వెళ్లి “ఏమంటున్నాడు మేడమ్?” అని అడిగితే, ఆవిడ నవ్వి “ఇంకా మాట్లాడుకుంటున్నాం” అన్నారు. అంతే. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. క్లాస్ టీచర్‌ని నేను కదా!

మూడో వారంలో ఆవిడే నా దగ్గరికొచ్చారు. “ఈ ఒక్క మాట మీకు చెప్పొచ్చా అని బాబుని అడిగాను, సరేనన్నాడు” అంటూ మొదలుపెట్టారు. మొదటి నెలలో నా క్లాసులో అతను ఒక పదాన్ని తప్పుగా పలికాడట. అందరూ నవ్వారట. నేనూ నవ్వానట. నాకది గుర్తే లేదు. అతను మర్చిపోలేదు.

బీఈడీలో సైకాలజీ పేపర్ కోసం కార్ల్ రోజర్స్ పేరు బట్టీ పట్టి మంచి మార్కులే తెచ్చుకున్నాను. సాయం చేసేవాళ్లు ఎదుటి మనిషి వైపు నుంచి అర్థం చేసుకోవాలి, షరతులు పెట్టకుండా ఆదరించాలి, నటించకూడదు అని ఆయన 1957లో రాసిన వ్యాసంలో చెప్పారు. పరీక్షలో అది ఐదు మార్కుల ప్రశ్న. దాని అర్థం నాకు తెలిసింది మాత్రం ఆ రోజే.

మరి ఆ గదిలో ఏం జరుగుతుంది? చాలామంది అడుగుతున్నారు కాబట్టి నేను చూసింది, తెలుసుకున్నది చెబుతాను.

మొదటి రోజు సలహాలేవీ ఉండవు. “నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది” అని కౌన్సిలర్ మాటిస్తారు. ఎప్పుడు ఉండదో కూడా అప్పుడే చెప్తారు. పిల్లలు తమకు తాము హాని చేసుకునే ప్రమాదం ఉన్నా, ఇంకొకరికి ప్రమాదం ఉన్నా, ఎవరైనా వాళ్లను బాధపెడుతున్నా ఆ విషయం దాచరు. లైంగిక వేధింపుల సంగతి తెలిస్తే పోలీసులకు తెలియజేయాలని 2012 పోక్సో చట్టమే చెబుతోంది. కాబట్టి “మా బిడ్డ ప్రమాదంలో ఉన్నా మాకు చెప్పరేమో” అన్న భయం అక్కర్లేదు.

తర్వాత వినడం. మనం వింటూనే జవాబు వెతుక్కుంటాం. “దానికంత బాధెందుకు, మా రోజుల్లో...” అని మొదలుపెడతాం. కౌన్సిలర్ అలా అడ్డుపడరు. ఆ తర్వాత ఏం మారాలని ఉందో పిల్లల్నే అడుగుతారు. మా బాబు “ఇంగ్లిష్‌లో నూటికి నూరు రావాలి” అనలేదు. “పేరు పిలిచినప్పుడు కడుపులో తిప్పకూడదు” అన్నాడు.

అప్పుడు చిన్న చిన్న మెట్లు వేశారు. పేరు పిలవగానే మనసులో వచ్చే ఆలోచనను కాగితం మీద రాయించారు. “అందరూ నవ్వుతారు” అని రాశాడు. కిందటి వారం చదివిన పిల్లల్ని చూసి నిజంగా ఎంతమంది నవ్వారో లెక్కపెట్టమన్నారు. మెల్లగా ఊపిరి తీసి వదలడం నేర్పారు. ముందు కౌన్సిలర్ ముందు ఒక పేరా చదివాడు. తర్వాత ఒక స్నేహితుడి ముందు, ఆ తర్వాత క్లాసు అయిపోయాక నా ముందు, చివరికి క్లాసులో రెండే రెండు లైన్లు. మధ్యలో ఒక వారం మళ్లీ సిక్ రూముకి వెళ్లాడు. కౌన్సిలర్ తిట్టలేదు, ఒక మెట్టు కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టారు. నేను చేసిన పని ఒక్కటే, అతనికి సారీ చెప్పాను.

దీనికంతటికీ దాదాపు ఒక టర్మ్ పట్టింది. ఇప్పటికీ అతనికి పైకి చదవడమంటే ఇష్టం లేదు. కానీ పేరు పిలిస్తే లేచి చదువుతున్నాడు.

కొన్ని సమస్యలు స్కూల్ కౌన్సిలర్ స్థాయిలో తీరవు. వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి మానేయడం, చనిపోవాలన్న మాటలు ఉంటే క్లినికల్ సైకాలజిస్టును గానీ సైకియాట్రిస్టును గానీ కలవమని చెప్తారు. మందులు రాసేది సైకియాట్రిస్టే, కౌన్సిలర్ కాదు. అలా చెప్పినప్పుడు దయచేసి “పరీక్షలయ్యాక చూద్దాం” అనకండి. 103 జ్వరం ఉంటే పరీక్షలయ్యేదాకా ఆగం కదా. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక నా అభిప్రాయం. కౌన్సెలింగ్‌ని మార్కులు పెంచే ట్యూషన్‌లా చూడడం మానాలి. “నాలుగు సెషన్లయ్యాయి, ర్యాంకు మారలేదేంటి మేడమ్?” అని ఒక నాన్నగారు అడిగారు. ఫీజు కట్టేవాళ్లుగా మీరు ఫలితం అడగడంలో తప్పులేదు. కానీ ఇక్కడ ఫలితం ప్రోగ్రెస్ కార్డులో కనిపించదు. అన్నం సరిగ్గా తింటున్నాడా, రాత్రి నిద్రపోతున్నాడా, పొద్దున్నే స్కూలు బస్సు ఎక్కడానికి ఏడుస్తున్నాడా లేదా అన్నది ఇంట్లో మీకే ముందు తెలుస్తుంది.

మా వైపు నుంచి మారాల్సినవీ ఉన్నాయి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పునిచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలు కనీసం ఒక అర్హత గల కౌన్సిలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించుకోవాలని చెప్పింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలని కూడా చెప్పింది. మొదటి మాట పాటించడం సులువు, ఒక గది, ఒక బోర్డు, ఒక ఉద్యోగం చాలు. రెండోది కష్టం. స్టాఫ్ రూములో, క్లాసులో, ఆన్సర్ షీట్లు పంచేటప్పుడు మా నోళ్లు మారాలి. మేం గాయపరుస్తూ పోతే కౌన్సిలర్ ఒక్కరే ఎన్ని కట్లు కడతారు? ఇంకో చిన్న మాట మేనేజ్‌మెంట్‌కి: కౌన్సెలింగ్ సమయాన్ని దయచేసి గేమ్స్ పీరియడ్‌లో పెట్టకండి. దిగులుగా ఉన్న పిల్లల దగ్గర ఆటను కూడా తీసేసుకోవడం న్యాయం కాదు.

మీకు నా విన్నపం ఒక్కటే. మీ అమ్మాయో అబ్బాయో ఆ గదినుంచి వచ్చిన రోజు “లోపల ఏం చెప్పావు? మా గురించి ఏమన్నావు?” అని అడగకండి. ఆ ప్రశ్న అడిగారంటే వచ్చే వారం వాళ్లు అక్కడ నోరు విప్పరు. తెలుసుకోవాలనిపిస్తే నేరుగా కౌన్సిలర్‌ని కలవండి. మీరు ఇంట్లో ఏం చేయాలో ఆవిడే చెప్తారు. పిల్లలు చెప్పదలచుకుంటే వాళ్లే చెప్తారు, బండి మీద వెనక కూర్చున్నప్పుడో, రాత్రి పెరుగన్నం కలుపుతున్నప్పుడో. అప్పుడు ఫోన్ పక్కన పెట్టి వినండి.

నేను కూడా బెదిరించడం మానేశాను. ఇప్పుడు నా క్లాసులో ఎవరైనా “మేడమ్, కౌన్సిలర్ మేడమ్ దగ్గరికి వెళ్లనా?” అని అడిగితే, ఎందుకని అడగకుండా గేట్ పాస్ రాసిస్తున్నాను.

ఇట్లు,
హైస్కూల్ ఇంగ్లిష్ టీచర్