జీతం లేని ప్రొఫెసర్

మొన్న మా వీధిలో ఒక పేరంటానికి వెళ్లాను. పక్కన కూర్చున్న అమ్మాయిని ‘ఏం చేస్తున్నావమ్మా?’ అని పలకరిస్తే, ‘ఏమీ లేదండీ, ఇంట్లోనే’ అంది. మాటల్లో తెలిసింది, ఆమె ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. భర్త నడిపే ట్యుటోరియల్‌లో ఇంటర్ పిల్లలకు రోజూ పాఠాలు చెబుతుంది, పేపర్లు దిద్దుతుంది. చేతికి జీతం రాదు కనుక అది ‘ఏమీ లేదు’ అన్నమాట!

తాంబూలం పుచ్చుకుని ఇంటికొస్తుంటే నాకు మరియా గోపర్ట్ మేయర్ గుర్తొచ్చింది. మేరీ క్యూరీ తరువాత ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్న రెండో మహిళ. ఆమె కూడా ఏళ్ల తరబడి ‘ఊరికే’ పనిచేసింది.

మరియా 1906లో, అప్పటి జర్మనీలోని కాటోవిట్స్‌లో పుట్టింది. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తండ్రి వైపు తరతరాలుగా ప్రొఫెసర్లే. ఒక్కగానొక్క కూతురు వంటింటికే పరిమితం కాకూడదని తండ్రి పట్టుదల. గట్టింగెన్ యూనివర్సిటీలో మాక్స్ బార్న్ దగ్గర 1930లో డాక్టరేట్ తీసుకుంది. పరమాణువు ఒకేసారి రెండు కాంతి కణాలను పీల్చుకోగలదని అందులో లెక్కగట్టి చెప్పింది. లేజర్లు వచ్చాక 1961లో గానీ అది ప్రయోగంలో రుజువు కాలేదు.

డాక్టరేట్ వచ్చిన ఏడాదే జోసెఫ్ మేయర్‌ను పెళ్లాడి అమెరికా వెళ్లింది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో ఆయనకు ఉద్యోగం. మరి ఈమెకు? భార్యాభర్తలిద్దరికీ ఒకేచోట ఉద్యోగం కుదరదన్నారు. జర్మన్ ఉత్తరాలు చూసిపెట్టే చిన్న పని ఒకటి ఇచ్చి సరిపెట్టారు. 1939లో న్యూయార్క్‌లోని కొలంబియాకు మారితే అక్కడా జీతం లేదు. 1946లో చికాగో వెళితే ప్రొఫెసర్ హోదా ఇచ్చారు, జీతం మాత్రం ఇవ్వలేదు. అక్కడికి దగ్గర్లోని ఆర్గాన్ ప్రయోగశాలలో సగం పూట ఉద్యోగమే ఆధారం.

ఆమె అసలు పని జరిగింది అక్కడే. పరమాణు కేంద్రకంలో ప్రోటాన్లో, న్యూట్రాన్లో 2, 8, 20, 28, 50, 82, 126... ఈ లెక్కన ఉంటే ఆ కేంద్రకం మిగతావాటికన్నా గట్టిగా ఉంటుంది. ఈ అంకెలే ఎందుకు? చాలామందిని వేధించిన ప్రశ్న ఇది. కణాలు తమ చుట్టూ తాము తిరగడానికీ, కేంద్రకంలో చక్కర్లు కొట్టడానికీ ఏమైనా సంబంధం ఉందా అని ఒకరోజు ఎన్రికో ఫెర్మి అడిగాడు. ఆ ఒక్క మాటతో చిక్కుముడి విడిపోయింది. దాన్ని ఆమె తన కూతురికి నాట్యం చేసే జంటలతో పోల్చి చెప్పిందట. మనమైతే ఒప్పులకుప్ప అనుకోవచ్చు. ఒప్పులకుప్ప తిరుగుతున్న జంటలు గది చుట్టూ కూడా తిరుగుతున్నాయనుకోండి. రెండు తిరుగుళ్లూ ఒకేవైపు అయితే సులువు, ఎదురైతే కష్టం. ఆ తేడాలోనే ఆ అంకెల రహస్యం ఉంది.

1960లో శాన్‌డియాగోలో మొదటిసారి పూర్తి జీతంతో ప్రొఫెసర్ అయింది. డాక్టరేట్ వచ్చి అప్పటికి 30 ఏళ్లు! కొద్ది రోజులకే పక్షవాతం వచ్చింది. అయినా పని మానలేదు. 1963లో నోబెల్ వచ్చింది. సగం బహుమతి యూజీన్ విగ్నర్‌ది. మిగతా సగం ఈమెకూ, జర్మనీలో విడిగా అదే సంగతి కనిపెట్టిన హాన్స్ జెన్సన్‌కూ. ఆ ఊరి పత్రిక ‘శాన్‌డియాగో తల్లికి నోబెల్’ అని శీర్షిక పెట్టింది. తల్లి కావడం తక్కువేం కాదు. కానీ మగవారికి బహుమతి వస్తే ‘ఫలానా ఊరి తండ్రి’ అని ఎవరైనా రాస్తారా? 1972లో ఆమె కన్నుమూసింది. ఫిజిక్స్‌లో మూడో మహిళకు నోబెల్ రావడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ కథ చెప్పి, ‘చూశారా, జీతం లేకపోయినా ఎంత సాధించిందో’ అనేవాళ్లుంటారు. నాకు ఆ మాట రుచించదు. ఆమె పట్టుదలకు దణ్ణం పెడదాం. కానీ ఎగ్గొట్టిన జీతాన్ని త్యాగమని పిలవొద్దు. ఇష్టంగా చేసినంత మాత్రాన పని పని కాకుండా పోదు. పైగా ఆమె నిలదొక్కుకుంది సరే, అదే తలుపు దగ్గర విసిగి వెనుదిరిగిన వాళ్లెందరో ఎవరు లెక్కపెట్టారు?

ఈసారి ఆ అమ్మాయి కనిపిస్తే మళ్లీ అదే ప్రశ్న అడుగుతాను. ‘ఫిజిక్స్ చెబుతున్నానండీ’ అనాలి ఆమె. ఆ ట్యుటోరియల్ జీతాల పుస్తకంలో ఆమె పేరు కూడా ఉండాలి. పుస్తకం రాసేది కట్టుకున్నవాడే అయినా సరే!