కరువుకు పేరు పెట్టేదెవరు?

బండి ఆత్మకూరు: వాన లోపిస్తే పంట ఎండుతుంది. ఎండిన పంట ‘కరువు’ అనిపించుకోవాలంటే మాత్రం మండలం నుంచి ఢిల్లీ దాకా అనేక సంతకాలు పడాలి. ఆ సంతకం ఆలస్యమైనా, అసలు పడకపోయినా రైతు నష్టం ప్రభుత్వ లెక్కలో లేనట్టే. నల్లమల అంచున, కేసీ కాలువ చెంతన ఉన్న ఈ మండలంలో కాలువ కింది ఊళ్లూ ఉన్నాయి, బోరు మీద బతికే మెట్ట చేలూ ఉన్నాయి. రెండింటి గోడూ ఒకే మండల సగటులో కలిసిపోతుంది. కరువు వెనుక రాజకీయం ఉంటుందంటే చాలామంది పార్టీల మధ్య మాటల యుద్ధమే అనుకుంటారు. అసలు రాజకీయం లెక్కలో ఉంది. ఎవరిని లెక్కించాలి, ఎప్పుడు లెక్కించాలి, దానికి ఏ పేరు పెట్టాలి అన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉంటే ఉపశమనం వారి చేతిలో ఉన్నట్టే. ఇది ఈ సీమకు నూటయాభై ఏళ్లుగా తెలిసిన సంగతి.

ధాత కరువు చెప్పిన పాఠం

1876లో వానలు ముఖం చాటేశాయి. తెలుగు సంవత్సరం ధాత. 1878 వరకు సాగిన ఆ ధాత కరువులో మద్రాసు రాజధానిలోని కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు అల్లాడిపోయాయి. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చి చూస్తే కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. పెరగవలసిన జనాభా తరగడం కన్నా పెద్ద సాక్ష్యం మరొకటి అక్కరలేదు.

ఆ రోజుల్లో దేశంలో తిండిగింజలు బొత్తిగా లేవా? ఉన్నాయి. కరువు ప్రాంతాలకు ధాన్యం చేరవేయడానికి రైళ్లూ కొంతవరకు ఉన్నాయి. ధర అందనంత ఎత్తుకు పోయింది, కొనే శక్తి కూలివాడికి లేదు. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ ప్రభుత్వం తానే ధాన్యం కొని నిల్వ చేయబోతే వ్యాపారంలో జోక్యం తగదని పైనుంచి అక్షింతలు పడ్డాయి. వైస్రాయి లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో వైభవంగా దర్బారు జరిపాడు. విక్టోరియాను భారత చక్రవర్తినిగా చాటింపు వేసిన సభ అది. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను కరువు ప్రతినిధిగా దక్షిణాదికి పంపారు. ఖర్చు తగ్గించాలన్నది ఆయనకు అందిన ఆదేశం.

ఈ టెంపుల్ కథ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 1874లో బీహారులో కరువు వచ్చినపుడు బర్మా బియ్యం దండిగా తెప్పించి, ప్రాణనష్టం చాలా తక్కువగా ఉండేలా చూసినవాడు ఆయనే. దానికి ఆయనకు దక్కింది ప్రశంస కాదు, దుబారా చేశాడన్న నింద. మూడేళ్లు తిరిగేసరికి అదే అధికారి మద్రాసు రాజధానిలో సహాయ పనుల కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర చాలునని తేల్చాడు. ఒక పౌను అంటే నేటి లెక్కలో సుమారు 450 గ్రాములు. ఎండలో రాళ్లు కొట్టేవాడికి ఆ తిండి ఏమూలకు? మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. వాదోపవాదాల తరువాత గానీ కూలి పెరగలేదు. ఆలోగా ఎందరు పోయారో ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే చావుల పద్దులో ‘ఆకలి’ అన్న గడి దాదాపు ఖాళీ. కలరా, రక్తవిరేచనాలు, జ్వరం అని రాసుకున్నారు. ఒంట్లో సత్తువ లేనివాడిని కలరా పట్టుకుంటే ఆ చావు ఎవరి ఖాతాలోది? మొత్తం మృతులపై చరిత్రకారుల అంచనాలు 55 లక్షల నుంచి 80 లక్షలు దాటేవరకు ఇంత వ్యత్యాసంతో ఉండటానికి కారణం ఇదే.

అంతకు పదేళ్ల ముందు, 1866 కరువులో ఆళ్లగడ్డ ప్రాంతపు ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన ఆస్తి కరిగించి వేలమందికి అన్నం పెట్టారు. జానపదులు నేటికీ ఆయన పేరు పాడుకుంటారు. ఆ పుణ్యాన్ని తక్కువ చేయడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. అయితే సర్కారు చేయవలసిన పని ఒక దాత చేయవలసి రావడమే ఆ పాటలో వినిపించే ఫిర్యాదు అనిపిస్తుంది.

కాలువ పక్కనే కరువు

ధాత కరువు నాటికే కర్నూలు-కడప కాలువ ఉంది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దీన్ని తవ్వింది. కంపెనీ పెట్టుబడికి సర్కారు వడ్డీ హామీ ఇచ్చింది. లాభం వచ్చినా రాకున్నా వాటాదారుకు ఢోకా లేదన్నమాట. పొలాలు ఎండినపుడు రైతుకు అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు. కంపెనీ చేతిలోని కాలువను 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసింది. 1880లో కరువు కమిషన్ నివేదిక, ఆ వెంట కరువు నియమావళి వచ్చాయి. నంద్యాల మీదుగా సాగే రైలు మార్గం కూడా కరువు రక్షణ కోసం తలపెట్టినదే. కరువు పేరిట పన్ను వేసి పోగుచేసిన సొమ్ము 1878 అఫ్ఘాన్ యుద్ధానికి మళ్లిందన్న విమర్శ మాత్రం చెరిగిపోలేదు.

నేడు ఈ కాలువకు బచావత్ ట్రిబ్యునల్ 39.9 టీఎంసీలు కేటాయించింది. కాగితం మీది నీరు కాలువలోకి ఎంత దిగుతుందన్నది తుంగభద్ర ప్రవాహం మీద, ఎగువ వాడకం మీద ఆధారపడి ఉంటుంది. పక్కనే వెలుగోడు జలాశయం మీదుగా తెలుగుగంగ కాలువ చెన్నై దాహం తీర్చేందుకు సాగుతుంది. మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీల చొప్పున 15 టీఎంసీలు ఇచ్చేందుకు ఒప్పుకున్నాయి. 1996లో నీరు అక్కడికి చేరింది. నగరం దాహం ముఖ్యమంత్రుల స్థాయిలో ఒప్పందమైంది. పల్లె దాహం తహసీల్దారుకు ఇచ్చే అర్జీ దగ్గరే ఆగుతోంది.

నిర్వచనంలో చిక్కు

కేంద్రం 2016 డిసెంబరులో కరువు నిర్వహణకు కొత్త మార్గదర్శకాలు విడుదల చేసింది. వర్షపాతం లోటు, వరుస పొడి వారాలు, పంట విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాలు, నేలలో తేమ, జలాశయాల మట్టం, చివరకు క్షేత్ర పరిశీలన. ఇన్ని మెట్లు ఎక్కాక మండలం ‘తీవ్ర’ కరువు అనిపించుకుంటేనే జాతీయ విపత్తు నిధికి అర్హత. ‘మధ్యస్థం’ అయితే ఆ భారం రాష్ట్రానిదే. 2023 ఖరీఫ్‌లో రాష్ట్రం 103 మండలాలను కరువు జాబితాలో చేర్చింది. అందులో 80 తీవ్రం, 23 మధ్యస్థం. జాబితా మరీ చిన్నదని నాటి ప్రతిపక్షాలు ధ్వజమెత్తాయి. ఏ పార్టీ గద్దెపై ఉన్నా వరస ఇంతే. అధికారంలో ఉంటే కరువు లేదనడం, దిగాక ఉందనడం. ఇక కేంద్ర బృందం వచ్చేసరికి చేలలో చూపించడానికి మోడులు కూడా మిగలవు.

ఈ జాడ్యం మనకే పరిమితం కాదు. 2011 జూలైలో ఐక్యరాజ్యసమితి సోమాలియాలో కరువు ప్రకటించింది. అక్కడ మరణించిన సుమారు 2.6 లక్షల మందిలో దాదాపు సగం మంది ఆ ప్రకటనకు ముందే పోయారని తరువాతి అధ్యయనాల్లో తేలింది. 2024 ఆగస్టులో సూడాన్‌లోని జంజం శిబిరంలో, 2025 ఆగస్టులో గాజాలో నిపుణులు కరువును నిర్ధారిస్తే, సూడాన్ సర్కారు, ఇజ్రాయెల్ ఆ మాటనే కొట్టిపారేశాయి.

మహమ్మారి వేళా అదే తీరు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో మన జిల్లాల పడమటి పల్లెల నుంచి మిరప కోతకు వెళ్లిన కూలీలు గుంటూరు ప్రాంతంలో చిక్కుకుపోయారు. దేశవ్యాప్తంగా దారిలో ఎందరు వలస కూలీలు మరణించారని అదే ఏడాది సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే వివరాలు లేవని కేంద్రం బదులిచ్చింది. వివరాలు లేవు గనుక పరిహారం ప్రశ్న కూడా తలెత్తదన్నది ఆ జవాబు సారాంశం. 1877 నాటి పద్దులో ఖాళీగా ఉన్న గడి 2020లోనూ ఖాళీగానే ఉంది.

కౌలు రైతు ఎక్కడ?

ఒకవేళ మండలం జాబితాలోకి ఎక్కినా మరో లెక్క మిగిలి ఉంటుంది. పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటే పెట్టుబడి రాయితీకి అర్హత ఉంటుంది. 2015 వరకు ఈ హద్దు 50 శాతంగా ఉండేది. ఆ సొమ్ము ఎవరి ఖాతాలో పడాలి? ముందస్తు కౌలు కట్టి, అప్పు తెచ్చి సోనా వరి నాటినవాడికి ఈ-పంటలో పేరు ఉండాలి. కౌలుదారుగా గుర్తింపు కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం భూయజమాని అంగీకారం ఉండాలి. పొలం చేజారుతుందేమోనన్న భయంతో యజమాని వెనుకాడతాడు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వడేమోనని కౌలుదారు నోరు మెదపడు. కరువు జాబితాపై రాజధానిలో జరిగే రభసలో ఈ సంతకం ఊసు వినిపించదు. పంట పోయిన కౌలుదారు మాత్రం మొదట వెళ్లి నిలబడేది ఆ యజమాని గడప ముందే.