ఏ ఇసుక ఈగో తేల్చేవారు కావాలి

2003 జూన్, ఆగస్టు నెలల మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపు బారిన పడ్డారు. వారిలో 183 మంది చనిపోయారు. చండీపురా వైరసే కారణమని పరిశోధకులు తేల్చారు. ఆ తరువాత, ఈ వైరస్‌ను మోస్తాయని అనుమానించే ఇసుక ఈగలను కరీంనగర్ జిల్లాలో పట్టి చూస్తే వాటిలో దాని ఆనవాళ్లు దొరికాయి. అదీ సెర్జెంటోమియా ప్రజాతి ఈగల్లో! బల్లుల్లాంటి సరీసృపాల రక్తమే ఎక్కువగా తాగుతాయని పేరున్నందున మనుషుల జబ్బుల విషయంలో వాటిని పెద్దగా పట్టించుకునేవారు కాదు. దొరికినవన్నీ ‘ఇసుక ఈగలు’ అని ఒకే పద్దు కింద రాసేసి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు. శరీర భాగాలను బట్టి ఈగ జాతిని గుర్తుపట్టగలవారు ప్రతి జిల్లాలోనూ ఉండాలనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇది వట్టి కంటితో అయ్యే పని కాదు. ఒళ్లంతా రెండు మూడు మిల్లీమీటర్లే. ఈగను పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, లోపలి భాగాలు కనబడేలా చేసి, గాజు పలక మీద అమర్చి మైక్రోస్కోపు కింద పెట్టాలి. తలలో, నోటి వెనకున్న చిన్న గదిలో పళ్ల వరస స్పష్టంగా ఉంటే అది సెర్జెంటోమియా. మరో ఇసుక ఈగ ప్రజాతి ఫ్లెబోటోమస్‌లో ఆ పళ్లు ఉండవు, ఉన్నా అంతంతమాత్రమే. జాతి తేలాలంటే ఆడ ఈగ కడుపులో వీర్యం దాచుకునే సంచుల ఆకారాన్ని, మగ ఈగ జననాంగాల మీది ముళ్ల అమరికను చూడాలి. బీహార్‌లో కాలా అజార్ జ్వరాన్ని మోసే ఫ్లెబోటోమస్ అర్జెంటిపెస్‌ను మిగతావాటి నుంచి వేరుచేసేవి ఈ గుర్తులే.

మందు కొడితే అన్ని ఈగలూ చస్తాయి కదా, పేరుతో పనేమిటని అడగవచ్చు. పిల్లలు జబ్బుపడుతున్న ఊళ్లో పిచికారీ ఆపమని ఎవరూ అనరు. కానీ ఆ మందు పనిచేస్తోందో లేదో తెలియాలిగా? బీహార్‌లో అర్జెంటిపెస్ డీడీటీకి లొంగడం లేదని తేలింది ఆ జాతిని విడిగా పరీక్షించడం వల్లే. వేరే జాతులు కలిసిపోతే ఫలితం తప్పుతుంది. డీఎన్‌ఏ పరీక్ష ఉండగా ఈ పాత పద్ధతి ఎందుకన్నది మరో ప్రశ్న. ఒకేలా కనిపించే జాతుల దగ్గర డీఎన్‌ఏదే పైచేయి, ఒప్పుకోవాల్సిందే. అయితే పోల్చిచూసే డీఎన్‌ఏ నమూనా ఏ జాతిదో ముందుగా చెప్పాల్సింది మైక్రోస్కోపు ముందు కూర్చున్న మనిషే. ఈ చూపు ఏళ్ల తరబడి సాధనతో వస్తుంది, జ్వరాలు మొదలయ్యాక పెట్టే వారం రోజుల శిక్షణతో రాదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ జిల్లాల్లో ఎంటమాలజిస్టు పోస్టులను ఖాళీగా ఉంచకుండా, ఈ విద్య తెలిసినవారితో నింపాలి.