బిట్టు వచ్చింది... బెర్నౌలీ రాలేదు!

"ప్రవాహి వేగం పెరిగితే పీడనం ......" అని బిట్టు ఇస్తే, మన హాస్టల్లో ఇంటర్ చదివేవాళ్ళను నిద్రలో లేపి అడిగినా "తగ్గును" అంటారు. మార్కు పడిపోతుంది. ఎందుకు తగ్గుతుంది అని అడిగితే మాత్రం "బెర్నౌలీ సిద్ధాంతం వల్ల" అంటారు. వాన ఎందుకు పడిందంటే వానాకాలం కాబట్టి అన్నట్టుంది ఈ జవాబు. డేనియల్ బెర్నౌలీ 'హైడ్రోడైనమికా' గ్రంథం వెలువడింది 1738లో. అంతకు ముందు కూడా నీళ్ళు ఇలాగే పారాయి కదా! ఈ పాఠం చెప్పే పద్ధతి మారాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఈ పాఠం జరిగేటప్పుడు ఎవరో ఒకరికి రావలసిన సందేహం ఒకటుంది. "సార్, మొక్కలకు నీళ్ళు పెట్టేటప్పుడు పైపు మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్ళు దూరం చిమ్ముతాయి. వేలికి ఒత్తిడి కూడా తెలుస్తుంది. మరి దారి ఇరుకైతే పీడనం తగ్గుతుందంటారేంటి?" దీనికి "సిలబస్‌లో లేనివి అడక్కు" అని కూర్చోబెడితే పాఠం అక్కడితో చచ్చిపోయినట్టే. ఎందుకంటే పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

వేలు అడ్డం పెట్టగానే పైపులో ప్రవాహం తగ్గుతుంది. నీరు మెల్లగా కదిలితే పైపు గోడల రాపిడికి పోయే పీడనమూ తక్కువే. కాబట్టి ట్యాంకు ఎత్తు వల్ల వచ్చిన పీడనం చాలావరకు వేలి వెనుక దాకా వచ్చి నిలుస్తుంది. వేలు దాటి గాలిలోకి వచ్చిన ధారలో ఉండేది వాతావరణ పీడనమే. వెనుక ఎక్కువ, ముందు తక్కువ. ఆ తేడాయే నీటిని తోసి వేగం పెంచింది. వేలికి తగిలిన ఒత్తిడి వెనుక నెమ్మదిగా ఉన్న నీటిది, చిమ్మే ధారది కాదు. అడిగిన పిల్లవాడు చూసిందీ నిజమే, బెర్నౌలీ చెప్పిందీ నిజమే.

భోజనం గంట కొట్టాక మన మెస్ గుమ్మం చూడండి. గుమ్మానికి ముందు తోపులాట, అడుగు తీసి అడుగు వేయలేం. గుమ్మంలో పడ్డామా, పరుగే! (ఈ పోలికను మరీ సాగదీయకూడదు, నీటి అణువులకు ఆకలి ఉండదు.) ఏ వస్తువు వేగమైనా పెరగాలంటే దాన్ని ఏదో ఒకటి తోయాలని న్యూటన్ రెండో నియమం. ఆ తోపు పీడనాల తేడా నుండి వస్తుంది. ఈ ఒక్క మాట ముందు చెబితే సూత్రం బట్టీ పట్టే పని సగం తప్పుతుంది.

ల్యాబ్ లేదు కదా అంటారు. ప్లంబింగ్ షాపు ఉంది. అంగుళం పైపుకి అర అంగుళం పైపు, దానికి మళ్ళీ అంగుళం పైపు రెడ్యూసర్లతో కలపాలి. మూడు ముక్కల మీదా రంధ్రాలు చేసి సన్నని పారదర్శక గొట్టాలు నిలువుగా బిగించాలి. గొట్టం కొస పైపు లోపలికి పొడుచుకు రాకూడదు. బల్ల మీద ఎత్తుగా పెట్టిన బకెట్ నుండి నీళ్ళు వదిలి, చివర కుళాయిని సగం మూయాలి. నిమిషానికి 15 లీటర్ల ధార అయితే లావు పైపులో వేగం సెకనుకు సుమారు అర మీటరు, సన్న పైపులో వైశాల్యం నాలుగో వంతు కాబట్టి 2 మీటర్లు. లెక్క ప్రకారం మధ్య గొట్టంలో నీటి మట్టం దాదాపు 19 సెంటీమీటర్లు దిగాలి. అసలు అందం మూడో గొట్టంలో ఉంది. అక్కడ నీరు మళ్ళీ కొంత పైకి లేస్తుంది! సుడుల వల్ల, రాపిడి వల్ల పాత మట్టానికి పూర్తిగా రాదు. కానీ మధ్యలో తగ్గిన పీడనమంతా రాపిడికి పోలేదని కళ్ళారా చూడొచ్చు.

దీనికి బదులుగా చాలాచోట్ల కాగితం ముక్క పెదవుల దగ్గర పట్టుకుని పైన ఊదడం చూపిస్తారు. కాగితం లేస్తుంది, చప్పట్లు పడతాయి. చెప్పే కారణం మాత్రం సరికాదు. నోటి నుండి బయటికొచ్చిన గాలి పీడనం దాదాపు వాతావరణ పీడనమే. పైగా ఊదిన గాలికి శక్తి మన ఊపిరితిత్తులు ఇచ్చాయి, కింది గాలికి ఇవ్వలేదు. ఆ రెండింటినీ ఒకే సమీకరణంలో పోల్చకూడదు. కాగితం ఒంపు వెంట గాలి వంగి పోవడం వల్ల అది లేస్తుంది. అదే కాగితాన్ని నిటారుగా వేలాడదీసి ఒక పక్క వెంబడి కిందికి ఊదితే గాలి వైపు లాక్కుపోదు. ఎవరైనా చేసి చూడొచ్చు.

ఇదంతా మనకెందుకు, ఎంట్రన్స్‌లో బిట్టే కదా అనే మిత్రులకు ఒక లెక్క. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫానులో గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు, అంటే సెకనుకు 50 మీటర్లు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు. సాంద్రతలో సగాన్ని వేగపు వర్గంతో గుణిస్తే 1500 పాస్కల్‌లు. కప్పు మీదుగా గాలి దూసుకుపోతుంటే ఒక చదరపు మీటరు రేకును పైకి లాగే బలం సుమారు 150 కిలోల బరువంత ఉండొచ్చు. ఆ రేకు సొంత బరువు 20 కిలోలు కూడా ఉండదు. మన ఊళ్ళలో చాలామంది రేకులు జారకుండా పైన రాళ్ళు పెడతారు. పెట్టాల్సింది రేకును దూలానికి బిగించే హుక్కులు, అవి కూడా అంచుల్లో, మూలల్లో దగ్గర దగ్గరగా. అక్కడే లాగుడు ఎక్కువ.