ఆయుధం పట్టినవారి ఒడంబడిక

1847 నవంబరు తొలి వారంలో స్విట్జర్లాండ్ అంతర్యుద్ధంలో దిగింది. అప్పుడు సమాఖ్య సేనాపతి గియోం ఆన్రీ డ్యుఫూర్ తన సైనికులకు ఇచ్చిన ఉత్తర్వు ఇప్పటికీ చదవదగ్గది. గాయపడిన శత్రువును సొంత మనిషిలా చూసుకోవాలి. ఆయుధం వదిలేసినవాడిపై చేయి చేసుకోకూడదు. స్త్రీలు, పిల్లలు, వృద్ధులు, మతగురువుల జోలికి వెళ్లకూడదు. 26 రోజుల్లో యుద్ధం ముగిసింది. దాదాపు లక్షమంది సైన్యం కదిలినా, రెండు వైపులా కలిపి చనిపోయినవారు సుమారు వందమంది. మరుసటి ఏడాది సెప్టెంబరు 12న కొత్త రాజ్యాంగం ఆమోదం పొందింది. ఆ దేశంలో ఆ తరవాత అంతర్యుద్ధమన్నది లేదు.

స్విస్ ప్రశాంతతకు కారణమేమిటని అడిగితే కొండలనీ, తటస్థతనీ, జనం నెమ్మదితనమనీ చెబుతారు. వారి చరిత్ర ఈ మూడింటినీ బలపరచదు. వాళ్లు మూడు శతాబ్దాలకు పైగా యుద్ధాన్ని వృత్తిగా చేసుకున్నవాళ్లు. మతం పేరుతో 1529, 1531, 1656, 1712, 1847లలో తమలో తామే కత్తులు దూసినవాళ్లు. ఆ దేశాన్ని నిలబెట్టింది, కలబడిన పక్షాలు అలసిపోయి కుదుర్చుకున్న ఒడంబడిక. దాని గొప్పతనం నిజమైనదే. కానీ అది ఆయుధం పట్టినవారి మధ్య కుదిరింది. ఆయుధం పట్టనివారు అందులో లెక్కకు రాలేదు. ఆధునిక స్విస్ చరిత్రలోని వెలుగూ చీకటీ రెండూ అక్కడినుంచే వచ్చాయని నా అభిప్రాయం.

1291లో యూరి, ష్విట్స్, ఉంటర్‌వాల్డెన్ లోయల వారు రాసుకున్న పరస్పర రక్షణ పత్రాన్ని దేశావిర్భావంగా చెప్పుకుంటారు. అప్పట్లో అలాంటి పత్రాలు చాలా ఉండేవి. ఆగస్టు 1ని తొలిసారి జాతీయ ఉత్సవంగా జరుపుకున్నది 1891లోనే. ఐరోపా వాళ్లను గుర్తించింది మాత్రం పత్రం చూసి కాదు, బల్లెం చూసి. 1476లో గ్రాండ్‌సన్, ముర్టెన్ పోరాటాల్లో, 1477 జనవరిలో నాన్సీ దగ్గర స్విస్ కాలిబలం బర్గండీ ప్రభువు చార్లెస్ సైన్యాన్ని చిత్తుచేసింది. చార్లెస్ నాన్సీలోనే ప్రాణం విడిచాడు. పొడవాటి బల్లేలతో ఒక్క ముద్దగా కదిలే రైతుబిడ్డలు గుర్రపు దళాలను నిలువరించగలరని రాజులందరికీ తెలిసింది. ఆ రోజు నుంచి ఆ బల్లేలకు ధర పలికింది.

1515లో ఇటలీలోని మారిన్యానో దగ్గర ఫ్రాన్స్ చేతిలో ఘోరంగా ఓడాక స్విస్ వాళ్లు యుద్ధాలకు స్వస్తి చెప్పి తటస్థులయ్యారని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. నేను దాన్ని ఒప్పుకోను. మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌తో శాశ్వత శాంతి ఒప్పందం జరిగింది. 1521 నాటి కూటమి ఒప్పందం ఫ్రాన్స్ రాజుకు స్విస్ కాంటన్ల (సమాఖ్యలోని రాష్ట్రాల) నుంచి సైనికులను తీసుకునే వీలు కల్పించింది. సొంత దండయాత్రలు ఆగాయి, అంతే. పరాయి జెండాల కింద చావడం ఆగలేదు. 1527లో రోమ్‌ను కొల్లగొట్టినప్పుడు పోప్ కాపలా దళంలోని 189 మంది స్విస్ సైనికుల్లో 147 మంది నేలకొరిగారు. 1792 ఆగస్టు 10న పారిస్‌లో రాజప్రాసాదానికి కాపలాగా ఉన్న స్విస్ సైనికులు వందల సంఖ్యలో చనిపోయారు. లూసెర్న్ నగరంలో కొండరాతిలో చెక్కిన సింహం వాళ్ల స్మారకమే.

ఈ వ్యాపారం వెనక ఒక సమాజం ఉంది. కొండ వాలుల్లో పశువులు పెరుగుతాయి కానీ అందరి కడుపూ నిండేంత ధాన్యం పండదు. భూమి వాటా అందని కొడుకులు జీతానికి సైన్యంలో చేరేవారు. వాళ్లను పంపే ఒప్పందాలపై సంతకాలు చేసే పెద్ద కుటుంబాలకు రాజుల నుంచి ఏటా భరణాలు అందేవి. కాంటన్లలో ప్రభువుల్లా పాతుకుపోయిన వంశాలు చాలావరకు ఈ డబ్బుతో బలిసినవే. గ్లారస్ ఊరి మతగురువుగా సైనికుల వెంట ఇటలీ వెళ్లి ఆ చావులను కళ్లారా చూసిన జ్వింగ్లీ, తరవాత జూరిచ్‌లో ఈ కిరాయి యుద్ధాలపై గళమెత్తాడు. 1521 కూటమిలో జూరిచ్ చేరకపోవడంలో ఆయన పాత్ర పెద్దది. మత సంస్కర్తగానే ఆయన పేరు నిలిచినా, సంస్కరణకు మొదటి నిప్పు ఈ బాధలోనే రాజుకుందని నాకు అనిపిస్తుంది. అదే జ్వింగ్లీ 1531లో కాపెల్ దగ్గర కాథలిక్ కాంటన్లతో జరిగిన యుద్ధంలో చనిపోయాడు.

ఆ కిరాయి సేనల్లో ఒకటి దక్షిణ భారతం దాకా వచ్చింది. న్యూషాటెల్‌కు చెందిన షార్ల్ దానియెల్ ద మెరోన్ 1781లో డచ్చి ఈస్టిండియా కంపెనీ కోసం ఒక రెజిమెంటును కూడగట్టాడు. అది సింహళంలో కాపలా కాసి, 1795లో బ్రిటిష్ వారి జీతంలోకి మారింది. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో టిప్పు సుల్తాన్‌పై పోరాడింది. ఆ యుద్ధంలో నిజాం సేనలూ కంపెనీ పక్షానే ఉన్నాయి. మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన ప్రాంతాలను నిజాం 1800లో కంపెనీకి ధారాదత్తం చేశాడు. అవే దత్తమండలాలు, వాటిలో చాలాభాగం నేటి రాయలసీమ. ఆల్ప్స్ లోయల్లో తిండిగింజల కొరతతో మొదలైన ఒక వృత్తి మన చరిత్ర అంచును కూడా తాకి వెళ్లింది.

స్వదేశంలో పరిస్థితి ఏమిటి? పాత స్విస్ సమాఖ్యను స్వేచ్ఛా రైతుల గడ్డగా చిత్రించడం ఆనవాయితీ. నిజానికి వో ప్రాంతం 1536 నుంచి 1798 వరకు బెర్న్ ఏలుబడిలో ఉంది. థుర్గావ్, టిచీనోలను కాంటన్లు ఉమ్మడిగానో విడివిడిగానో అధికారులను పంపి పాలించేవి. 1653లో పన్నులు, అప్పుల భారం మోయలేక రైతులు తిరగబడితే నగరాల సైన్యాలు అణిచేశాయి. నాయకుడు నిక్లాస్ లాయెన్‌బెర్గర్‌కు బెర్న్‌లో తల తీయించారు. ఈ అంతస్తులను కూల్చింది స్విస్ వాళ్లు కాదు, 1798లో వచ్చిపడిన ఫ్రెంచి సైన్యం. పాలిత ప్రాంతాలు సమాన కాంటన్లయ్యాయి. 1815లో పెద్ద రాజ్యాలు స్విస్ తటస్థతను శాశ్వతమని గుర్తించాయి, తమ మధ్య అలాంటి ఖాళీ స్థలం వారికి అవసరం కాబట్టి.

తరవాత మూడు దశాబ్దాలు ఉదారవాద కాంటన్లకూ, సంప్రదాయ కాథలిక్ కాంటన్లకూ పొసగలేదు. 1841లో ఆర్గావ్ మఠాలను మూసేసింది. 1844లో లూసెర్న్ జెసూట్ మతగురువులను బోధనకు పిలిచింది. ఉదారవాదుల ముఠాలు లూసెర్న్‌పై రెండుసార్లు దాడికి దిగి విఫలమయ్యాయి. 1845 చివర ఏడు కాథలిక్ కాంటన్లు సోండర్‌బుండ్ అనే ప్రత్యేక కూటమి కట్టాయి. దాన్ని రద్దు చేయడానికే 1847 యుద్ధం. కాథలిక్ సేనను నడిపిన సాలిస్ సోల్యో ప్రొటెస్టెంటు కావడం ఆ తగువు కేవలం మతానిది కాదని చూపుతుంది. కాంటన్ పెద్దదా, సమాఖ్య పెద్దదా అన్నదే అసలు ప్రశ్న.

డ్యుఫూర్ ఆలోచన సూటిగా ఉంది. శత్రువును అధిక బలంతో చుట్టేస్తే పోరు తక్కువవుతుంది, పోరు తక్కువైతే పగ తక్కువవుతుంది. ఫ్రిబూర్గ్ దాదాపు పోరు లేకుండానే లొంగింది. గిస్లికాన్ దగ్గర నిజమైన యుద్ధం ఒక్క రోజు జరిగింది. ఆస్ట్రియా ఛాన్సలర్ మెటర్నిక్ జోక్యానికి ఏర్పాట్లు చేసుకునేలోపే అంతా అయిపోయింది. మరో మూడు నెలలకు ఐరోపా అంతటా విప్లవాలు రేగడంతో ఇటు చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. ఇందులో అదృష్టం పాలు చిన్నది కాదు.

గెలిచినవాళ్లు పూర్తిగా ఉదారంగా ఉన్నారని కూడా అనలేం. ఓడిన కాంటన్లపై యుద్ధ ఖర్చు మోపారు, 1852లో మిగిలిన బకాయి మాఫీ చేశారు. జెసూట్లపై విధించిన నిషేధం 1973 వరకు రాజ్యాంగంలోనే ఉంది. కొత్త రాజ్యాంగంపై ప్రజాభిప్రాయ సేకరణలోనూ చిత్రాలు జరిగాయి. ఓటు వేయనివారిని కూడా లూసెర్న్ అనుకూలుర కిందే లెక్కించింది. ఫ్రిబూర్గ్ జనాన్ని అడగనే లేదు. అయినా ఆ రాజ్యాంగంలో ఒక కీలకమైన రాయితీ ఉంది. జనాభాను బట్టి ఒక సభ, ప్రతి కాంటన్‌కూ ఇద్దరేసి చొప్పున, రెండుగా చీలిన కాంటన్లలో ఒక్కో సగానికి ఒక్కరు చొప్పున మరో సభ, రెండింటికీ సమాన అధికారం. యుద్ధంలో ఓడిన చిన్న కాంటన్ యూరికి రెండో సభలో జూరిచ్‌తో సమానమైన స్థానం దక్కింది.

ఆ స్థానం దక్కినా, కేంద్ర మంత్రివర్గంలోని ఏడుగురూ 43 ఏళ్లపాటు గెలిచిన పక్షం వారే. మార్పు తెచ్చింది 1874లో వచ్చిన ప్రజానిర్ణయ హక్కు. పార్లమెంటు చేసిన ఏ చట్టాన్నైనా నిర్ణీత సంఖ్యలో సంతకాలు సేకరించి జనం ముందుకు లాగవచ్చు. కాథలిక్కులు దీన్ని సమర్థంగా వాడుకున్నారు. 1882లో కేంద్రం విద్యా వ్యవహారాలకు ఒకే ఒక్క కార్యదర్శిని నియమించుకుంటానంటే, బడులు చేజారతాయన్న భయంతో ఓటర్లు భారీ మెజారిటీతో తోసిపుచ్చారు. ప్రతి చట్టాన్నీ ఆపగలిగేవాళ్లను బయట ఉంచి పాలించడం సాధ్యం కాదని తేలింది. 1891లో లూసెర్న్ కాంటన్‌కు చెందిన కాథలిక్కు జోసెఫ్ జెంప్ మంత్రివర్గంలోకి వచ్చాడు. స్విస్ రాజకీయాల్లో అందరినీ కలుపుకుపోయే తీరు మంచితనంతో పుట్టలేదు. అడ్డుకునే శక్తి ఉన్నవారిని లోపలికి తెచ్చుకోక తప్పలేదు.

కార్మికుల విషయంలోనూ ఇదే జరిగింది, మరింత కటువుగా. 1918 నవంబరులో దాదాపు రెండున్నర లక్షలమంది సమ్మె కట్టారు. ప్రభుత్వం సైన్యాన్ని దించింది, సమ్మె మూడు రోజుల్లో కూలిపోయింది, గ్రెన్‌చెన్‌లో ముగ్గురు కార్మికులు కాల్పుల్లో చనిపోయారు. కానీ వారి డిమాండ్ల జాబితాను పక్కన పెట్టుకుని తరవాతి చరిత్ర చదవాలి. దామాషా ఎన్నికలు 1919లోనే వచ్చాయి. వారానికి 48 గంటల పని త్వరలోనే వచ్చింది. వృద్ధాప్య పింఛను 1948లో మొదలైంది. ఒక సోషలిస్టు కేంద్ర మంత్రి కావడానికి 1943 దాకా ఆగాలి. ఆ జాబితాలోనే ఉన్న స్త్రీల ఓటు హక్కుకు పట్టిన కాలం 53 ఏళ్లు.

ఎందుకంత ఆలస్యం? సమ్మె చేసేవాడు ఫ్యాక్టరీ ఆపగలడు, కాథలిక్కు చట్టాన్ని ఆపగలడు. స్త్రీకి ఏది ఆపే అధికారం ఉంది? ఓటు హక్కు లేనివారికి ఓటు హక్కు ఇవ్వాలా అని ఓటున్నవారినే అడిగే వ్యవస్థ అది. 1848 రాజ్యాంగం ప్రతి స్విస్ పురుషుడినీ సైనికుడిని చేసింది. పౌరుడు, సైనికుడు ఒకే మనిషికి రెండు పేర్లయ్యాయి. అపెంజెల్ ఇన్నర్‌రోడెన్‌లో ఏటా ఆరుబయట జరిగే ప్రజాసభకు పురుషులు నడుముకు కత్తి కట్టుకుని వస్తారు. ఆ కత్తే వారి ఓటు హక్కుకు ఆధారం. 1957లో స్త్రీలకు పౌర రక్షణ విధులు తప్పనిసరి చేయాలని ప్రభుత్వం ప్రతిపాదించినప్పుడు, హక్కు లేకుండా విధులేమిటని మహిళా సంఘాలు నిలదీశాయి. ఆ ఓటింగ్ రోజు వాలే కాంటన్‌లోని ఉంటర్‌బాక్ గ్రామంలో 33 మంది స్త్రీలు చట్టాన్ని ధిక్కరించి ఓటు వేశారు. ఆ ఓట్లు లెక్కలోకి రాలేదు. 1959లో పురుషుల్లో 66.9 శాతం మంది స్త్రీల ఓటును తిరస్కరించారు. 1971 ఫిబ్రవరి 7న 65.7 శాతం మంది ఒప్పుకున్నారు. కత్తులు కట్టే అపెంజెల్ ఇన్నర్‌రోడెన్ పురుషులు 1990 ఏప్రిల్‌లో కూడా తమ కాంటన్ వరకు కుదరదన్నారు. ఆ నవంబరులో ఫెడరల్ కోర్టు కలుగజేసుకోవలసి వచ్చింది.

ఒడంబడిక బయట ఉన్నది స్త్రీలు మాత్రమే కాదు. 1848 రాజ్యాంగం స్వేచ్ఛగా నివాసం ఏర్పరచుకునే హక్కును క్రైస్తవులకే ఇచ్చింది. యూదులకు అది 1866లో దక్కింది, అదీ విదేశీ వాణిజ్య ఒప్పందాల ఒత్తిడితో. ప్రజలు సొంతంగా రాజ్యాంగ సవరణ ప్రతిపాదించే హక్కు 1891లో వచ్చింది. ఆ దారిలో నెగ్గిన మొట్టమొదటి ప్రతిపాదన, 1893లో, యూదుల మతాచారం ప్రకారం పశువులను వధించడంపై నిషేధం. ప్రత్యక్ష ప్రజాస్వామ్యాన్ని పొగిడేటప్పుడు ఈ తేదీని దాటవేయకూడదు.

పేదింటి పిల్లల సంగతి మరీ దారుణం. అనాథలను, పేదల బిడ్డలను, పెళ్లికాని తల్లుల పిల్లలను అధికారులు తీసుకెళ్లి పొలాల్లో పనికి పెట్టేవారు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలోకి కూడా ఇది సాగింది. 1926 నుంచి 1973 వరకు యెనిష్ సంచారజాతుల పిల్లలను దాదాపు 600 మందిని తల్లిదండ్రుల నుంచి వేరుచేశారు. 2013లో మంత్రి సిమొనెట్టా సొమారూగా ప్రభుత్వం తరఫున బాధితులకు క్షమాపణ చెప్పారు. 2017లో అమలైన చట్టం ఒక్కొక్కరికి 25,000 ఫ్రాంకులు ఇచ్చింది. దీన్ని చిన్న విషయంగా పక్కన పెట్టి స్విస్ స్థిరత్వాన్ని మెచ్చుకునే వ్యాసాలు చూస్తే బాధ కలుగుతుంది. ఆ పిల్లల తరఫున సంతకాలు సేకరించే పార్టీ లేదు, ఆపగల చట్టం లేదు, రెండో సభలో స్థానం లేదు.

ఒడంబడిక లోపలివారినీ బయటివారినీ విడదీసే గీత రెండో ప్రపంచయుద్ధంలోనూ సరిహద్దు దగ్గర కనిపించింది. జనరల్ గీసాన్ సేనలు కొండకోటల్లో దేశరక్షణకు సిద్ధమవుతుండగా, వేలాది యూదు శరణార్థులను సరిహద్దు నుంచే వెనక్కి పంపేశారు. యుద్ధానికి ముందే, కాగితాలపై తేదీలు మార్చి వందలమందిని లోపలికి రానిచ్చిన సెయింట్ గాలెన్ పోలీసు అధికారి పాల్ గ్రూనింగర్ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. కోర్టు ఆయన్ను నిర్దోషిగా ప్రకటించింది 1995లో, ఆయన చనిపోయిన 23 ఏళ్లకు.

పౌరుడికీ సైనికుడికీ ఉన్న ముడి ఇప్పుడు వదులవుతోంది. 1989లో సైన్యాన్నే రద్దు చేయాలన్న ప్రతిపాదనకు 35.6 శాతం మంది అవునన్నారు. ఓడినా ఆ సంఖ్య దేశాన్ని కుదిపింది. అప్పటిదాకా ఆయుధం పట్టనన్నవారిని జైలుకు పంపేవారు. 1992లో వారికి పౌరసేవ మార్గం తెరిచారు. అయినా 2013లో నిర్బంధ సైనిక సేవను తీసేయాలా అంటే 73 శాతం మంది వద్దన్నారు.

ఇవాళ ఆ దేశ నివాసుల్లో నాలుగో వంతుకు పైగా విదేశీ పౌరులు. వారిలో అక్కడే పుట్టి పెరిగినవారూ ఉన్నారు. పన్ను కడతారు, కేంద్ర స్థాయిలో ఓటు లేదు. ఎవరికి పౌరసత్వం ఇవ్వాలో ఊరివాళ్లే ఓటు వేసి తేల్చే పద్ధతి కొన్నిచోట్ల ఉండేది. 2000లో లూసెర్న్ సమీపంలోని ఎమెన్‌లో ఇటలీ మూలాలున్న దరఖాస్తుదారులు నెగ్గారు, బాల్కన్ ప్రాంతం వాళ్లు ఓడిపోయారు. 2003లో ఫెడరల్ కోర్టు ఆ పద్ధతి చెల్లదంది. మరోవైపు న్యూషాటెల్ కాంటన్ 1849లోనే స్థానిక ఎన్నికల్లో విదేశీయులకు ఓటు ఇచ్చింది. 1979లో బెర్న్ నుంచి విడిపోయి కొత్త కాంటన్‌గా పుట్టిన జురా కూడా మొదటినుంచీ ఆ హక్కు ఇచ్చింది. ఆ హక్కు ఇంకా ఇవ్వని కాంటన్లు ఆ దారిలో వెళ్లాలంటే, ఇప్పటికీ ఓటున్నవారినే అడగాలి.