పిల్లల చేతికి సూది ఇవ్వండి.. లెక్కపెట్టి ఇవ్వండి

కిందటి వేసవిలో పామర్రు వైపు నుంచి ఒక పెద్దాయన మా ఓపీకి వచ్చారు. 12 ఏళ్లుగా షుగర్ ఉంది. కుడి పాదం వాచింది. బొటనవేలి కింద చిన్న రంధ్రం, అందులోంచి కాస్త రసి. నొప్పి ఉందా అంటే, ‘పెద్దగా లేదండీ, చెప్పు బిగుతుగా అనిపించి చూసుకున్నాను’ అన్నారు. ఎక్స్‌రే తీయిస్తే కండలో అడ్డంగా సగం విరిగిన సూది కనిపించింది. బట్టలు కుట్టుకునే మామూలు సూది.

వెంట వచ్చిన కోడలు ఆ ఫిల్ము చూసి, పక్కనే నిలబడ్డ తొమ్మిదేళ్ల కూతురి వైపు తిరిగింది. ‘చెప్పానా నీకు?’ అంది. సెలవుల్లో ఆ పిల్ల నానమ్మ దగ్గర కూర్చుని పాత చీర ముక్కలతో బొమ్మకు గౌన్లు కుడుతోందట. కుట్టు డబ్బా అటక ఎక్కించేశామని, ఇక సూది ముట్టనివ్వనని నాతో చెప్పింది. పిల్ల ఏమీ మాట్లాడలేదు. సర్జన్ దగ్గరికి పంపే చీటీ రాస్తుంటే మాత్రం నెమ్మదిగా అడిగింది. ‘నా వల్లేనా డాక్టరుగారూ?’

కాదు. సూది కింద పడటం ఏ ఇంట్లోనైనా జరిగేదే. అది మీ కాల్లోనో నా కాల్లోనో దిగితే కెవ్వుమంటాం, అప్పటికప్పుడు ఆస్పత్రికి పరిగెడతాం. ఆయన ఎన్నాళ్లు దాని మీద నడిచారో ఆయనకే తెలియదు. అదుపులో లేని షుగర్ పాదాల్లోని నరాలను మొద్దుబార్చేసింది. షుగర్ ఉన్నవారికి ఏడాదికి ఒకసారైనా పాదాల స్పర్శ పరీక్ష చేయాలి. 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగును అరికాలికి ఆనించి, తెలుస్తోందా లేదా అని అడగడమే ఆ పరీక్ష. నిమిషాల్లో అయిపోతుంది. ఇన్నేళ్లలో ఎవరూ తన పాదం పట్టుకుని చూడలేదని ఆయన చెప్పారు. అది మా వైద్యుల తప్పు. శిక్ష తొమ్మిదేళ్ల పిల్లకు పడింది.

అటకెక్కిన ఆ డబ్బా గురించే ఈ నాలుగు మాటలు.

బెజవాడ ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా పిల్లల్ని బయటికి పంపకండని ప్రతి వేసవిలోనూ మేమే చెబుతాం. ఆ ఐదు గంటలూ పిల్లలు ఏం చేస్తున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. సూది ఇవ్వడానికి భయపడే ఇంట్లోనే ఫోను ఇవ్వడానికి ఎవరికీ భయం లేదు. సూది గుచ్చుకుంటే ఒక రక్తపు బొట్టు కనిపిస్తుంది. ఫోను దగ్గర అలా కనిపించేదేమీ ఉండదు, అదే చిక్కు.

మా ఇంటి సంగతీ గొప్పగా ఏం లేదు లెండి. మావాడికి 12 ఏళ్లు. స్కూలు చొక్కాకు గుండీ ఊడితే చొక్కా మార్చుకున్నాడు గానీ, గుండీ కుట్టుకోవచ్చన్న ఆలోచనే రాలేదు. చూపిద్దామని నేను సూది పట్టుకుంటే నాకు బెజ్జం కనిపించలేదు. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడాన్ని మనవాళ్లు చత్వారం అన్నారు. ఆ మాటలోనే నలభై ఉంది. చివరికి దారం వాడే ఎక్కించాడు. ఒకప్పుడు ఇంట్లో పిల్లల మొదటి ఉద్యోగం అదే కదా! అమ్మమ్మ కేకేస్తే ఆట ఆపి వచ్చి, దారం కొస తడిచేసి, ఒక్కసారికే ఎక్కించి గర్వంగా పరిగెత్తిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

మెదడులో శరీరాన్ని కదిలించే భాగం ఒకటి ఉంటుంది. వీపూ నడుమూ అంతటికీ కలిపి అందులో ఉన్నది కాస్త చోటే. చేతివేళ్లకు, ముఖ్యంగా బొటనవేలికి, దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఫోను తెర మీద వేలు జరపడానికి అంత ఏర్పాటు అక్కర్లేదు. గుండీ కుట్టేటప్పుడు ఎడమ చెయ్యి గుడ్డను బిగించి పట్టుకుంటుంది, కుడి చెయ్యి కింద కనపడని చోటు నుంచి సూదిని పైకి తెస్తుంది, దారం ఎంత లాగితే ముడత పడుతుందో వేళ్లే తెలుసుకుంటాయి. దీనివల్ల మార్కులు పెరుగుతాయని, తెలివి పదునెక్కుతుందని నేను చెప్పను. అలా చెప్పి కిట్లు అమ్మేవాళ్లు వేరే ఉన్నారు. చేతికి పని వస్తుంది, నేను చెప్పేది అంతవరకే.

అదేమీ చిన్న విషయం కాదు. 2018లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో శస్త్రచికిత్స విద్య ప్రొఫెసర్ రోజర్ నీబోన్ ఒక మాటన్నారు. మంచి మార్కులతో వస్తున్న వైద్య విద్యార్థులకు కుట్లు వేయడానికి కావలసిన చేతివాటం తగ్గిపోతోందని, చిన్నప్పుడు కత్తిరించడం, కుట్టడం లాంటి పనులు చేయకపోవడం దానికి కారణమని. క్యాజువాలిటీలో హౌస్ సర్జన్లు ముడి వేయడానికి తంటాలు పడటం చూసినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొస్తుంది. వీళ్లంతా ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలే.

‘మా స్కూల్లో క్రాఫ్ట్ ప్రాజెక్టులు ఉన్నాయండీ’ అంటారు మీరు. ఉన్నాయి. అవి ఎవరు చేస్తున్నారు? సాయంత్రం బీసెంట్ రోడ్డులో చార్టులు, మెరుపు కాగితాలు, థర్మకోల్ కొంటారు. రాత్రి 11 గంటలకు పిల్లాడు నిద్రపోతుంటాడు, తల్లి అంచులు కత్తిరిస్తుంటుంది, తండ్రి అక్షరాలు దిద్దుతుంటాడు. మర్నాడు పిల్లాడికి ‘వెరీ గుడ్’ వస్తుంది. తాను చేస్తే పనికిరాదని, అమ్మ చేస్తేనే బాగుంటుందని వాడికి నేర్పినట్టే. దీనికంటే అసలు ప్రాజెక్టే లేకపోవడం నయం. పిల్ల కుట్టిన కుట్టు వంకరపోతే పోనివ్వండి. వాళ్లు పడుకున్నాక విప్పి తిరిగి కుట్టకండి. పొద్దున్న చూడగానే కనిపెట్టేస్తారు.

ఏ వయసుకు ఏమిటంటే, నాలుగేళ్లకు అట్టముక్కకు పెద్ద రంధ్రాలు చేసి బూటులేసు ఇవ్వండి, అది చాలు. ఐదారేళ్లకు మొన మొద్దుగా, బెజ్జం పెద్దగా ఉన్న సూది, గోనెసంచి ముక్క, ఊలు దారం. ఏడెనిమిదేళ్లకు నిజమైన సూది ఇచ్చి గుండీ కుట్టించండి. పదేళ్లు దాటాక దిండు గలీబు, కూరగాయల సంచి కుట్టగలరు. కుట్టుమిషను ఇంకా తర్వాత, అదీ పెద్దవాళ్లు పక్కనుంటేనే. అమ్మాయిలకే కాదు, అబ్బాయిలకూ. మన వీధి టైలర్లలో ఎక్కువమంది మగవాళ్లే కదా!

గుడ్డకు ఖర్చేమీ లేదు. టైలరు దగ్గర కత్తిరింపులు దొరుకుతాయి. బందరు వైపు చుట్టాలుంటే పెడన కలంకారీ ముక్కలు తెప్పించుకోండి. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో నానబెట్టి ఆ నలుపు ఎలా తీస్తారో చెబితే పిల్లలు నోరు తెరిచి వింటారు. విజయవాడకు 20 కిలోమీటర్ల దూరంలోనే కొండపల్లి ఉంది. తెల్లపొణికి కర్రతో బొమ్మ చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ఎలా అతుకుతారో ఒక పూట కూర్చుని చూడనివ్వండి. 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేకుండా 10 రోజులు స్థానిక పనివాళ్ల దగ్గర నేర్పించాలని 2020 జాతీయ విద్యావిధానమే చెప్పింది. స్కూలు తీసుకెళ్లేదాకా మనం ఆగక్కర్లేదు.

కళ్ల సంగతి కూడా చెప్పాలి. కుట్టు కూడా దగ్గరి చూపు పనే. అందుకని కిటికీ పక్కన, పగటి వెలుతురులో 20 నిమిషాలు కుట్టాక లేచి దూరంగా చూడాలి. ఎండ తగ్గాక బయట ఆడుకోవాలి. పిల్లలకు చూపు మందగించకుండా ఉండాలంటే రోజుకు 2 గంటలు ఆరుబయట ఉండటం మేలు. నరసాపురం ప్రాంతంలో బతుకుతెరువు కోసం గంటల తరబడి వంగి లేసు అల్లే స్త్రీల మెడలు, కళ్లు పడే కష్టం వేరు. నేను చెప్పేది పిల్లల సరదా పని గురించి.

ఒక కుట్టుపని మాత్రం మానేయండి. పసివాళ్ల తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుడుతుంటారు. దాని అవసరమే లేదు. ఏడాదిలోపు పిల్లలు నిద్రపోయే చోట దిండు, మెత్తటి బొమ్మ ఉంటే ముక్కుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. పిగిలితే ఆవాలు ముక్కులోకో నోట్లోకో పోతాయి. వెల్లకిలా పడుకోబెట్టండి, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ల ముందు కాసేపు బోర్లా వేయండి. అంతగా కుట్టాలనిపిస్తే పాత నూలు చీరతో పొత్తిగుడ్డలు కుట్టండి, నాడాలు, పూసలు లేకుండా.

ఇక జాగ్రత్తలు. డబ్బాలో ఎన్ని సూదులున్నాయో మూత లోపల అంకె రాసి అతికించండి. మొదలుపెట్టేటప్పుడు, ముగించేటప్పుడు పిల్లలే లెక్కపెట్టాలి. ఒకటి తగ్గితే అయస్కాంతంతో వెతికాకే భోజనం. సూదికి ఎప్పుడూ దారం వేలాడుతుండాలి, కింద పడినా కనిపిస్తుంది. సూదిని పళ్ల మధ్య పెట్టుకునే అలవాటు మీకుంటే ముందు మీరు మానండి, పిల్లలు అది చూసే నేర్చుకుంటారు. ఖర్మకాలి మింగితే అరటిపండ్లు, అన్నం ముద్దలు తినిపించకండి. ఏమీ పెట్టకుండా, వాంతి చేయించకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. మెరిసే లైట్ల క్రాఫ్టుల్లో పెట్టే బటన్ బ్యాటరీ మింగినా ఒక్క నిమిషం ఆగొద్దు, అది 2 గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేయగలదు. కాల్లో సూది విరిగితే పిన్నీసుతో కెలకొద్దు, ఆ కాలు నేల మీద మోపొద్దు. 10 ఏళ్లకు, 16 ఏళ్లకు వేయాల్సిన టీడీ టీకా వేయించారో లేదో చూసుకోండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితమే.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే వాళ్లు ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. మన ఇళ్లలో ఇది ఎబ్బెట్టుగా ఉంటుందని తెలుసు. ఇంటికోసం ఒక జత ఎంసీఆర్ చెప్పులు విడిగా పెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవాలి. వంగలేనివాళ్లకు ఆ పని మనవలు చేసిపెట్టొచ్చు. వాళ్ల కళ్లు బాగా కనిపిస్తాయి.

సర్జన్ సూది తీసేశాక పుండు మానడానికి ఆరు వారాలు పట్టింది. ఆఖరిసారి చూపించుకోవడానికి పెద్దాయన ఒక్కరే వచ్చారు. మనవరాలు కుడుతోందా అని అడిగాను. ‘లేదండీ, డబ్బా ఇంకా అటక మీదే ఉంది’ అన్నారు. ఆ పిల్లకు మీరే చెప్పండి, మీరే దించి ఇవ్వండి అన్నాను. కాసేపు నేల చూపులు చూసి తలూపారు. ఈసారి కొత్త చెప్పులు వేసుకునే వచ్చారు.